మా బాపును దుబాయి సముద్రంలోకి దింపాలి: సంక్రాంతి సెలవులకు ఏ బీచ్ మంచిది?

జగిత్యాల_బిడ్డ | నవంబరు 14, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మను, బాపును తీసుకుని దుబాయి వెళ్దామనుకుంటున్నాం. మా ఆయన, ఇద్దరు పిల్లలు, నేను. మొత్తం ఆరుగురం, ఐదు రాత్రులు.

మా బాపు 2003 నుంచి 2019 దాకా అక్కడే షటరింగ్ కార్పెంటర్‌గా పనిచేశాడు. మెరీనా పక్కన జేబీఆర్ (జుమైరా బీచ్ రెసిడెన్స్) టవర్లు కట్టేటప్పుడు మూడేళ్ళు అక్కడే డ్యూటీ. మొన్న మా పెద్దోడు "తాతా, దుబాయి సముద్రం ఎట్లుంటది?" అని అడిగితే, "ముప్పయ్యో అంతస్తు మీదికెళ్ళి రోజూ చూసేది బిడ్డా, కాళ్ళు మాత్రం తడపలే" అన్నాడు. డ్యూటీ దిగగానే బస్సు క్యాంపుకు పోయేదట. శుక్రవారం వస్తే బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవడం, ఇంటికి ఫోను. ఆ మాట విన్న రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు.

మాది ధర్మపురి దగ్గర ఊరు. గోదావరి స్నానాలు తెలుసు కానీ సముద్రంలో దిగడం మాలో ఎవరికీ తెలియదు. పిల్లలకు 9, 6 ఏళ్ళు, బాపుకు 61. ఏ బీచ్‌కి వెళ్ళాలి? హోటల్ సముద్రం పక్కనే తీసుకోవాలా? జనవరిలో నీళ్ళలో దిగవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కరామా_వాసి | నవంబరు 14, రాత్రి 10:31

చెల్లీ, మీరు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను ఇక్కడ పదకొండేళ్ళుగా ఉంటున్నాను.

ముందు ఊరి లెక్క చెప్తాను. దుబాయి సముద్రం వెంట పొడుగ్గా సాగిన ఊరు. షార్జా వైపు నుంచి మొదలుపెడితే మొదట మమ్జర్, తర్వాత క్రీక్ అనే సముద్రపు పాయ, అది దాటాక జుమైరా, ఆ పైన ఉమ్ సుఖైమ్‌లో కైట్ బీచ్, బుర్జ్ అల్ అరబ్ హోటల్ పక్కనున్న బీచ్, బాగా చివరికి మెరీనా దగ్గర జేబీఆర్. జుమైరా, కైట్ బీచ్, జేబీఆర్ మూడింటికీ టికెట్ లేదు. షవర్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు అన్నీ ఉంటాయి. పడక కుర్చీ, గొడుగు అద్దెకు తీసుకుంటేనే ఖర్చు. రెండు దుప్పట్లు తెచ్చుకుని ఇసుకలో పరుచుకుంటే పైసా అవసరం లేదు.

హోటల్ మాత్రం కరామాలోనో బర్ దుబాయిలోనో తీసుకోండి. సముద్రం పక్క హోటళ్ళ అద్దెతో పోల్చలేం, అంత తేడా ఉంటుంది. కిందికి దిగితే ఇడ్లీ, పప్పన్నం దొరుకుతాయి, పెద్దవాళ్ళకు అదే ముఖ్యం. బర్జుమాన్ స్టేషన్‌లో రెడ్ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా మెరీనా దాకా పోతుంది. మెట్రో, ట్రామ్ ఎక్కడానికి వాడే సిల్వర్ నోల్ కార్డు 25 దిర్హాములు, అందులో 19 మీ ప్రయాణానికే ఉంటాయి. మెట్రోలో పిల్లలకు బిస్కెట్ కూడా పెట్టకండి, తింటే, తాగితే 100 దిర్హాముల ఫైన్.

నా ఓటు కైట్ బీచ్‌కి. వెడల్పైన ఇసుక, పిల్లలు పరుగెత్తడానికి చోటు, బుర్జ్ అల్ అరబ్ ఎదురుగా కనిపిస్తుంది. అక్కడికి మెట్రో లేదు, టాక్సీలో వెళ్ళాలి. మామూలు టాక్సీలో నలుగురినే ఎక్కించుకుంటారు, మీరు పెద్ద వ్యాన్ టాక్సీ అడగండి.

ఉక్కునగరం | నవంబరు 15, ఉదయం 6:40

మాది విశాఖ. దుబాయికి మూడుసార్లు వచ్చాను, నీళ్ళ సంగతి వరకూ నేను చెప్తాను.

అమ్మా, మీరు ఇంతవరకు సముద్రంలో దిగకపోవడం ఒక విధంగా మంచిదే. మా ఆర్‌కే బీచ్ అలవాటు ఉన్నవాళ్ళు అక్కడికి వెళ్ళి "ఇదేంటి, చెరువులా ఉంది" అంటారు. ఆ గల్ఫ్ సముద్రం సగటు లోతు 35 మీటర్ల దగ్గర ఉంటుంది, అంతే. మన బంగాళాఖాతం వేల మీటర్ల లోతు. మన దగ్గర అల విరిగి మనిషిని లాగేస్తుంది. అక్కడ మామూలు రోజుల్లో అల మోకాలు కూడా దాటదు. పిల్లలతో మొదటిసారి దిగడానికి అంతకన్నా నెమ్మదైన నీళ్ళు దొరకవు.

ఉప్పు మాత్రం చాలా ఎక్కువ. మన బంగాళాఖాతంలో గంగ, గోదావరి, కృష్ణ వచ్చి కలుస్తాయి కాబట్టి ఉప్పు పలచబడుతుంది. అక్కడ కలిసే నదులు తక్కువ, ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ. లీటరుకు 40 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. కళ్ళు బాగా మండుతాయి. పిల్లలకు ఈత కళ్ళద్దాలు కొనండి, ఒక సీసాలో మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి. ఇంకో సంగతి, అంత ఉప్పులో మనిషి తేలిగ్గా తేలతాడు. బాపుగారికి గోదావరిలో ఈత వచ్చి ఉంటే ఆ తేడా ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇక జనవరి. నీళ్ళు 22 డిగ్రీల దగ్గర ఉంటాయి, చల్లగానే అనిపిస్తాయి. షమాల్ అని వాయవ్యం నుంచి గాలి లేచే రోజుల్లో ఆ చెరువు కూడా సముద్రమైపోతుంది. అందుకని ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు మధ్యలోనే దిగండి. మార్చి చివర గానీ నవంబరులో గానీ అయితే ఈ బాధ లేదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ | నవంబరు 15, ఉదయం 11:15

ఉక్కునగరం గారూ, స్కూలు పిల్లలున్న ఇంట్లో మార్చి, నవంబరు కుదరవండీ. వేసవి సెలవుల్లో వెళ్తే అక్కడ ఎండ 40 దాటుతుంది, ఇసుక మీద చెప్పులు లేకుండా అడుగు వేయలేం, నీళ్ళు కూడా వేడిగానే ఉంటాయి. మనకు మిగిలింది దసరా, సంక్రాంతి. మేమూ కిందటి సంక్రాంతికే వెళ్ళాం, పిల్లలు రోజూ రెండేసి గంటలు ఆడారు. బయటికి రాగానే చుట్టడానికి మందపాటి తువ్వాళ్ళు, స్వెట్టర్లు పెట్టుకుంటే చాలు.

హోటల్ విషయంలో మేము మోసపోయాం, మీరు జాగ్రత్త. మాకు ప్యాకేజీ అమ్మిన ఏజెంటు "బీచ్ హోటల్" అని చెప్పాడు. హోటల్ పేరులో బీచ్ ఉంది కానీ, సముద్రానికి టాక్సీలో పాతిక నిమిషాలు. డబ్బు మొత్తం ముందే కట్టేశాం కాబట్టి చేసేదేం లేకపోయింది. బుక్ చేసే ముందు మ్యాప్‌లో మీరే దూరం కొలుచుకోండి. గది అద్దె కాకుండా టూరిజం దిర్హామ్ అని రోజుకు గదికి ఇంత అని అక్కడ కట్టించుకుంటారు, మూడు నక్షత్రాల హోటల్‌కి 10, ఐదు నక్షత్రాలకు 20 దిర్హాములు. దిగేటప్పుడు డిపాజిట్ కూడా అడుగుతారు. అది తిరిగి వస్తుంది, కానీ ఆ డబ్బు చేతిలో లేకపోతే దిగీదిగగానే టెన్షన్.

జగిత్యాల_బిడ్డ | నవంబరు 15, రాత్రి 8:20

అందరికీ చాలా థాంక్స్. అన్నీ నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

ఇంకొన్ని సందేహాలు. బాపు పదో తరగతి చదవలేదు, ఆయన పాత పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర ఉండేది, అంటే గల్ఫ్‌కు పనికి పోవాలంటే ముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని. టూరిస్టు వీసా మీద వెళ్తే ఎయిర్‌పోర్టులో ఆపుతారా? అమ్మ చీర తప్ప వేరేది కట్టదు, బీచ్‌లో ఏమైనా అంటారా? బాపుకు షుగరు, కాళ్ళ తిమ్మిర్లకు కూడా మందులు వాడుతున్నాడు. పండుగ కదా, అమ్మ సకినాలు, చికెన్ మసాలా తీసుకొస్తానంటోంది.

షార్జా_నర్స్ | నవంబరు 15, రాత్రి 9:05

మందులు, మసాలా రెండూ నేనే చెప్తాను, రెండింటిలోనూ ప్రమాదం ఉంది.

తిమ్మిర్లకు వాడే మాత్ర పేరు చూడండి. మన దగ్గర షుగర్ ఉన్నవాళ్ళకు ప్రెగబాలిన్ చాలా మామూలుగా రాస్తారు. యూఏఈలో అది నియంత్రిత మందు. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా అంతే. అలాంటివి ఉంటే ప్రయాణానికి ముందే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అనుమతి తీసుకోవాలి. లేదంటే మీ డాక్టరును కలిసి ఆ వారం రోజులకు ఏం చేయాలో అడగండి, మీ అంతట మీరు ఆపేయకండి. షుగరు, బీపీ మాత్రలకు ఇబ్బంది లేదు, అట్టలు విప్పకుండా, డాక్టర్ చీటీతో పాటు పెట్టుకోండి.

సకినాలు నిశ్చింతగా తెచ్చుకోండి. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా వద్దు. అక్కడ గసగసాలు నిషేధం. మన తెలంగాణ ఇళ్ళలో కోడికూర మసాలాలో కొబ్బరితో పాటు గసాలు నూరడం అలవాటే కదా, అందుకే గట్టిగా చెప్తున్నాను. మిక్సీలో అంతకుముందు గసాలు పట్టి ఉంటే ఆ మసాలా పొడి కూడా తేవద్దు. కరామాలో అన్ని మసాలాలూ దొరుకుతాయి.

ఉక్కునగరం | నవంబరు 15, రాత్రి 9:48

చీర గురించి. ఒడ్డున ఎవరూ ఏమీ అనరు. కానీ చీరతో నీళ్ళలో నడుము లోతుకు వెళ్ళనివ్వకండి. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుంది, చిన్న అల వచ్చినా లేవలేరు. మా ఊళ్ళో ఇలాంటివి కళ్ళారా చూశాను. పంజాబీ డ్రెస్ వేసుకోమని ఎలాగైనా ఒప్పించండి, దుపట్టా ఒడ్డునే వదిలేయాలి.

జెండాలు పిల్లలకు ముందే నేర్పండి. ఆకుపచ్చ అయితే దిగవచ్చు, పసుపు అయితే జాగ్రత్తగా, ఎరుపు అయితే దిగకూడదు. ఊదా రంగు ఎగిరితే జెల్లీ చేపల్లాంటివి ఉన్నట్టు.

కరామా_వాసి | నవంబరు 15, రాత్రి 10:10

ఈసీఆర్ సంగతి. ఆ అనుమతి ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకే, టూరిస్టుగా వెళ్తే అక్కర్లేదు. పైగా 50 ఏళ్ళు దాటినవాళ్ళకూ, మూడేళ్ళకు మించి విదేశంలో ఉన్నవాళ్ళకూ ఈసీఆర్ వర్తించదు, మీ బాపు రెండు విధాలా బయటపడతారు. అయినా రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి. మన ఎయిర్‌పోర్టులోనూ, దుబాయిలో దిగాకా, రెండు చోట్లా అడిగే అవకాశం ఉంది. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి.

ఒక్క ముఖ్యమైన ప్రశ్న. 2019లో బాపు వీసా క్యాన్సిల్ చేయించుకుని పద్ధతిగానే వచ్చారా? పాత కేసు గానీ ఫైను గానీ ఏదైనా మిగిలి ఉంటే దిగాక బయటపడుతుంది. అందుకే ముందే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.

జగిత్యాల_బిడ్డ | నవంబరు 16, ఉదయం 7:30

అన్నా, అనుకోవడానికేముంది, అడిగి మంచి పని చేశారు. కంపెనీయే క్యాన్సిల్ చేసి టికెట్ ఇచ్చి పంపింది. ఆ కాగితం, పాత పతాకా (అక్కడి గుర్తింపు కార్డు) అన్నీ ట్రంకు పెట్టెలో దాచిపెట్టుకున్నాడు.

కాళ్ళకు వాడేది ప్రెగబాలినే. నర్సు గారు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

రాయచోటి_డ్రైవర్ | నవంబరు 16, రాత్రి 11:40

అక్కా నమస్తే. నేను షార్జాలో బండి తోలుతాను, తొమ్మిదేళ్ళయింది. అందరూ మంచి మాటలే చెప్పారు. నాకు ఒక్కటే అనిపించింది. కైట్ బీచ్ బాగుంటుంది, మమ్జర్ మాకు దగ్గర, అక్కడ నీళ్ళు కదలనే కదలవు. కానీ మీ నాయన మూడేళ్ళు పైనుంచి చూసిన నీళ్ళు జేబీఆర్‌వి కదా. ఆయన కాళ్ళు తడపాల్సింది అక్కడే.

నేను రోజూ ఆ రోడ్డు మీదే పోతుంటాను. ఇప్పటిదాకా ఇసుకలోకి దిగలేదు. బండి ఆపితే పార్కింగు, ఆలస్యమైతే మాట. దిగాలని ఉంటుంది కానీ ఒక్కడినే పోయి ఏం చేయాలి అనిపిస్తుంది.

కరామా_వాసి | నవంబరు 17, ఉదయం 6:15

తమ్ముడు చెప్పింది నిజం. నా ఓటు మార్చుకుంటున్నాను. జేబీఆర్‌కే వెళ్ళండి చెల్లీ. సోభా రియాల్టీ మెట్రో స్టేషన్‌లో దిగి, నడక వంతెన దాటి ట్రామ్ ఎక్కితే జేబీఆర్ స్టాపు వస్తుంది. కరామా హోటల్ నుంచి గంటన్నర వేసుకోండి. కుదిరితే ఒక్క రాత్రి అక్కడే హోటల్ తీసుకోండి, మిగతా నాలుగు రాత్రులు కరామాలో. ఆ ఒక్క రాత్రికి ఖర్చు భరించవచ్చు.

ఇద్దరు_పిల్లల_అమ్మ | నవంబరు 17, మధ్యాహ్నం 1:50

నేను కొంచెం వేరే మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. మా మామయ్య కువైట్‌లో ఇరవై ఏళ్ళు చేసి వచ్చారు. ఆ ఊరి పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోతారు. టీవీలో వచ్చినా ఛానెల్ మార్చేస్తారు. మనకు వాళ్ళను సంతోషపెట్టాలని ఉంటుంది, కానీ అక్కడ వాళ్ళు ఏం చూశారో మనకు తెలియదు కదా. బాపును ముందు అడిగారా? సర్‌ప్రైజ్ ఇద్దామని మాత్రం చేయకండి.

జగిత్యాల_బిడ్డ | నవంబరు 18, రాత్రి 9:25

అక్కా, మీరు అడిగింది మనసుకు తగిలింది. నిజంగానే సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను. మీ మాట చదివాక ఆపేసి, నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపే గంటల్లో స్లాబు నీడలో పండుకుని అలలు చూసేవాళ్ళట. సిరిసిల్ల నుంచి వచ్చిన ఒకాయన, కోనసీమ నుంచి ఒకాయన, బాపు ముగ్గురూ ఒకే రూమ్. కోనసీమ ఆయనకు సముద్రం అలవాటు. "ఈ నీళ్ళల్ల అల లేదు, ఉప్పు ఎక్కువ, మా నీళ్ళే నయం" అని రోజూ అనేవాడట. ఆయన మూడేళ్ళ కింద చనిపోయాడు. మాకు ఆ సంగతి నిన్ననే తెలిసింది.

ఆఖరుకు "పోదాం. కానీ ఆ ఎత్తు బిల్డింగులెక్కుడు నాకొద్దు, నీళ్ళ కాడికే పోదాం" అన్నాడు. కాబట్టి బుర్జ్ ఖలీఫా పైకి టికెట్ తీసుకోవడం లేదు. కింది నుంచే పిల్లలకు చూపిస్తాం.

జనవరి 10 శనివారం బయల్దేరుతున్నాం. 11 ఆదివారం పొద్దున జేబీఆర్. రాయచోటి అన్నా, మీకు ఆదివారం సెలవైతే మాతో రండి. మాలో ఎవరికీ ఆ రోడ్లు తెలియవు. అమ్మ మీకు కూడా వండుతానంది.

రాయచోటి_డ్రైవర్ | నవంబరు 19, ఉదయం 5:10

ఆదివారం సెలవే అక్కా. వస్తాను.

కరామా_వాసి | జనవరి 5, రాత్రి 9:00

చెల్లీ, బయల్దేరే ముందు చివరిగా నాలుగు మాటలు. వాట్సాప్ కాల్స్ ఇక్కడ పనిచేయవు, మెసేజీలు వెళ్తాయి. ఊళ్ళో వాళ్ళకు ముందే చెప్పండి, ఫోను కలవక కంగారు పడతారు. రోడ్డు గీతలున్న చోటే దాటండి, లేకపోతే 400 దిర్హాముల ఫైను. బీచ్‌లో ఫోటో తీసేటప్పుడు పక్కవాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు పడకుండా చూసుకోండి, ఇక్కడ అది పెద్ద కేసు అవుతుంది. ఇక్కడి ప్లగ్ పిన్నులు మనవాటికంటే వేరు, ఒక అడాప్టర్ పెట్టుకోండి.

జగిత్యాల_బిడ్డ | జనవరి 19, రాత్రి 10:12

వచ్చేశాం. అందరికీ చెప్పాలి కాబట్టి పూర్తిగా రాస్తున్నాను.

మందుల దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు, డాక్టరు ఆ వారానికి మాత్ర మార్చి ఇచ్చారు. ఇమిగ్రేషన్‌లో బాపు కళ్ళు స్కాన్ చేసి, కంప్యూటర్ చూసి, "వెల్‌కమ్ బ్యాక్" అన్నారు. బాపు ఆ మాట అమ్మకు రెండుసార్లు చెప్పాడు.

ఆదివారం పదకొండుకు జేబీఆర్ చేరాం. పచ్చ జెండా ఉంది, గాలి లేదు. బాపు నీళ్ళ వైపు చూడనే లేదు. వెనక్కి తిరిగి టవర్లు లెక్కపెట్టాడు. అన్నీ ఒకటే రంగు, ఒకటే తీరు, మొత్తం నలభై. ఒక చివర నుంచి మొదలుపెట్టి, తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టి, "ఇది గానీ, దీని పక్కది గానీ" అన్నాడు. ఏదో తేలలేదు. మా పెద్దోడు రెండింటికీ ఫోటో తీశాడు.

ప్యాంటు మడుచుకుని అంచున నిలబడ్డాడు. చల్లగా ఉందని వెనక్కి వస్తాడేమో అనుకున్నాను. చొక్కా విప్పి మా ఆయన చేతికిచ్చి, గోదావరిలో దిగినట్టే మూడు మునకలు వేశాడు. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని తేలాడు. ఉక్కునగరం గారూ, మీరన్నది నిజం. "చేతులు కొట్టకున్నా మునుగుతలేను" అని అక్కడి నుంచే అరిచాడు. బయటికి వచ్చేసరికి వణుకుతున్నాడు, తువ్వాళ్ళు, స్వెట్టరు పనికొచ్చాయి. ఆ అక్కకు థాంక్స్.

అమ్మ నా పంజాబీ డ్రెస్ వేసుకుంది. మోకాలి లోతు దాటలేదు కానీ గంటసేపు బయటికి రాలేదు. పిల్లల కళ్ళు మండాయి, సీసా నీళ్ళతో కడిగాం. సాయంత్రం పొద్దు సముద్రంలోకి దిగుతుంటే ఆరు కావడానికి పది నిమిషాలు తక్కువ. మంగళవారం మళ్ళీ వెళ్తే గాలి లేచి ఎర్ర జెండా ఎగిరింది, ఒడ్డునే కూర్చుని వచ్చేశాం.

రాయచోటి అన్న చెప్పినట్టే వచ్చాడు. మొదట చెప్పులు విప్పనన్నాడు. బాపు "నేను పదహారేండ్లు ఆగిన, నువ్వట్ల ఆగకు" అని చెయ్యి పట్టి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం ఇసుకలోనే అందరం అమ్మ వండిన కోడికూర, అన్నం తిన్నాం. గసాలు లేని కూర అమ్మకు నచ్చలేదు, మాకు నచ్చింది. మిగిలింది డబ్బాలో పెట్టి అన్నకు ఇచ్చాం.

బాపు ఇప్పుడు కోనసీమ ఆయన ఇంటి అడ్రసు వెతుకుతున్నాడు. అంతర్వేది వైపు సముద్రానికి ఎండాకాలం సెలవుల్లో వెళ్దామంటున్నాడు. ఉక్కునగరం గారూ, అక్కడి నీళ్ళ గురించి వేరే చర్చ పెడతాను, మీరే చెప్పాలి.

ఉక్కునగరం | జనవరి 19, రాత్రి 10:40

తప్పకుండా పెట్టండి అమ్మా. అది గోదావరి సముద్రంలో కలిసే చోటు, దుబాయిలా దిగడానికి లేదు. ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో అన్నీ చెప్తాను.

రాయచోటి_డ్రైవర్ | జనవరి 20, ఉదయం 5:05

అక్కా, కూర రెండు రోజులు వచ్చింది, రూములో నలుగురం తిన్నాం. డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. ఏప్రిల్‌లో ఛుట్టీకి వస్తున్నాను, హైదరాబాద్ మీదుగానే వస్తాను. అప్పుడు తెచ్చిస్తాను.